నువ్వు ఫొటో పంపిన ఆ ఇంజిన్ గురించి

అమ్ములూ,

నువ్వు నిన్న పంపిన ఫొటో చూశాను. "నాన్నా, ఇది ఎప్పుడు చూసినా ఇదే యార్డులో ఉంటోంది, ఎక్కడికీ పోదు, నువ్వే గుర్తొచ్చావు" అని కింద రాశావు చూడు, దానికి మీ అమ్మ ఒకటే నవ్వు. నేనూ నవ్వాను గానీ మధ్యాహ్నం పడుకుంటే నిద్ర పట్టలేదు. నాలుగు ముక్కలు జవాబు పెడదామని మొదలుపెడితే ఉత్తరమై కూర్చుంది. సగం వేలితో కొట్టాను, సగం మైకులో చెప్పాను, తప్పులుంటే నువ్వే సర్దుకో.

ఇంజిన్ కనిపిస్తే ముందు నంబరు చూసే పాత రోగం నాకు ఇంకా పోలేదు. ఫొటో పెద్దది చేస్తే 104 అని కనిపించింది. మీ న్యూయార్క్ పక్క రైళ్ళు నడిపే లాంగ్ ఐలండ్ రైల్ రోడ్ వాళ్ళు 1977లో ఇలాంటి షంటింగ్ ఇంజిన్లు, అంటే యార్డులో పెట్టెల్ని అటూ ఇటూ జరిపేవి, ఎనిమిది తెచ్చుకున్నారు, 100 నుంచి 107 దాకా. మోడల్ పేరు ఎస్‌డబ్ల్యూ 1001, జనరల్ మోటార్స్ తయారీ. ఎనిమిది సిలిండర్లు, 1000 హార్స్‌పవర్, నాలుగు ఇరుసులు. క్యాబ్ పైకప్పు కొంచెం కిందికి నొక్కినట్టు ఉంది కదా, ఎత్తు తక్కువున్న షెడ్లలోకి, ఫ్యాక్టరీల్లోకి దూరడానికి వీలుగా అలా చేశారు.

నేను బెజవాడ యార్డులో షంటర్‌గా తోలింది డబ్ల్యూడీఎస్-6 అనే డీజిల్ షంటింగ్ ఇంజిన్. వరసగా ఆరు సిలిండర్లు, ఆరు ఇరుసులు, 1350 హార్స్‌పవర్, వారణాసిలో కట్టిన బండి. అయితే దాని పుట్టిల్లు ఎక్కడో తెలుసా? మీ న్యూయార్క్ రాష్ట్రమే. హడ్సన్ నది వెంబడి పైకి పోతే ఆల్బనీ వస్తుంది, దాని పక్కనే స్కెనెక్టడీ అని ఊరు. రైలు ఇంజిన్లు కట్టే ఆల్కో కంపెనీ అక్కడిది. దాని డిజైన్లతోనే వారణాసిలో మన డీజిల్ ఇంజిన్లు మొదలయ్యాయి, మొదటిది 1964లో బయటికొచ్చింది. అక్కడ ఆల్కో 1969లో మూతపడినా ఇక్కడ ఆ ఇంజిన్ని ఇంకా కొన్ని దశాబ్దాలు చేస్తూనే ఉన్నారు. మీ లాంగ్ ఐలండ్‌లో కూడా ముందు ఆల్కోలే తిరిగేవి, అవి పోయే రోజుల్లోనే ఈ 104 వచ్చింది. అంటే మా వాళ్ళ కుర్చీలో కూర్చున్న మనిషన్నమాట. అయినా దాని మీద నాకు కోపం లేదులే.

ఇక "ఎక్కడికీ పోదు" అన్న మాట. మన బెజవాడలో పొద్దున్నే ఆరింటి చుట్టూ మూడు బళ్ళు బయల్దేరతాయి, పినాకిని మద్రాసుకి, రత్నాచల్ వైజాగుకి, శాతవాహన సికింద్రాబాదుకి. జనం ప్లాట్‌ఫారం మీదికి వచ్చేసరికి బండి నిలబడి ఉంటుంది, ఎక్కి కూర్చుంటారు. ముందు రాత్రి వచ్చిన ఆ రేకుల్ని, అంటే పెట్టెల వరసల్ని, ప్లాట్‌ఫారం నుంచి లాగి పిట్ లైన్‌లో పెట్టాలి, అక్కడ కింద గుంతలో దిగి బ్రేకులూ చక్రాలూ చూస్తారు, కడుగుతారు, నీళ్ళు పడతారు, మళ్ళీ తెల్లారకముందే తెచ్చి నిలబెట్టాలి. మధ్యలో ఒక పెట్టె పాడైతే దాన్ని వరసలోంచి తీసి ఇంకోటి దూర్చాలి, చీట్లపేకలో ముక్క మార్చినట్టు. గంటకి 15 కిలోమీటర్లు దాటకూడదు, చాలాసార్లు అందులో సగం కూడా పోము. ఎనిమిది గంటలు డ్యూటీ చేసినా కృష్ణ బ్రిడ్జి మీదికి ఎక్కింది లేదు.

నీ 104 పనీ అదే. పొద్దున జనాన్ని మన్‌హట్టన్‌లో దింపి సాయంత్రం ఇళ్ళకి చేర్చే బళ్ళు కదా మీవి, వాటిలో ఎక్కువ భాగం పక్కన మూడో పట్టాలో వచ్చే కరెంటుతో నడుస్తాయి. వర్క్‌షాపులోకి వెళ్ళాక ఆ పట్టా ఉండదు, రిపేరుకొచ్చిన పెట్టెకి తనంతట తాను కదిలే దారి ఉండదు. అప్పుడు డీజిల్ చిన్నది రావాల్సిందే. ఇక్కడా అంతే, పైన 25,000 వోల్టుల తీగ ఉంటే ఎలక్ట్రిక్ ఇంజిన్ రాజు, తీగ ఆగిపోయిన లైన్లో రాజుకీ నేనే దిక్కు.

నువ్వు ఎప్పుడూ అడగలేదు గానీ ఆ పనిలో కష్టమంతా మెడదే. క్యాబ్ ఒక చివర ఉంటుంది, ముందంతా పొడుగ్గా ఇంజిన్ పెట్టె అడ్డం. దాని అవతల ఏముందో కనపడదు. అందుకని కిటికీలోంచి తల బయటపెట్టి, కింద నిలబడి పెట్టెలు కలిపే పాయింట్స్‌మన్ చేతిలో దీపం చూస్తూ తోలాలి. పచ్చ దీపం పైకీ కిందికీ ఆడిస్తే తన దగ్గర్నించి దూరంగా పొమ్మని, ఒంటికి అడ్డంగా ఇటూ అటూ ఊపితే తన వైపు రమ్మని. తల మీదికి ఎత్తి మణికట్టు మాత్రం తిప్పుతూ ఉన్నాడంటే కలపడానికి మెల్లగా రమ్మని. ఆ మూడో సైగ దగ్గరే షంటర్ ఎలాంటివాడో తెలుస్తుంది. పెట్టెకి ముందు ఒకసారి ఆగి, బ్రేకు కొద్దికొద్దిగా వదిలి, చివర గుద్దు ఆపే దిమ్మలు, బఫరుకి బఫరు తగిలినప్పుడు లోపల టీ గ్లాసు తొణక్కూడదు. అప్పుడు అతను వంగి బఫర్ల కిందనుంచి మధ్యలోకి వెళ్తాడు, స్క్రూ కప్లింగ్ కొక్కేనికి వేసి బిగిస్తాడు, గాలి పైపులు కలుపుతాడు. అతను లోపలున్నంతసేపూ నేను బండి ముందుకా వెనక్కా అని తిప్పే రివర్సర్ హ్యాండిల్ ఊడదీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాణ్ణి. అతను బయటికొచ్చి మొహం చూపించేదాకా అది మళ్ళీ పెట్టేది లేదు. నా చేతిలో ఉన్నది ఇంజిన్ కాదు, అతని ప్రాణం అనిపించేది.

ఒక్కసారి మాత్రం తప్పు చేశాను. సంక్రాంతి ముందు, మంచు బాగా పట్టిన రాత్రి. రెండో రాత్రి డ్యూటీ, కళ్ళు మూతలు పడుతున్నాయి. దీపం ఊగడం కనపడింది గానీ మణికట్టు తిరగడం నేను గుర్తించలేదు, ఆగాల్సిన చోట ఆగలేదు. దబ్బున తగిలింది. పెట్టె లోపల ఫ్యాన్ బాగుచేస్తున్న కుర్రాడు బెర్తు మీంచి పడి గడ్డం పగిలింది, మూడు కుట్లు పడ్డాయి. రఫ్ షంటింగ్ అని చార్జిషీటు ఇచ్చారు, ఒక ఇంక్రిమెంట్ ఆపారు. తప్పు నాదే, ఒప్పుకున్నాను. ఆ ఏడు నీకు సైకిల్ కొంటానని కొనలేదు గుర్తుందా, రేటు పెరిగిందని చెప్పాను కదా. అది అబద్ధం. ఆ కుర్రాడు మాత్రం తర్వాత ఎప్పుడు కనిపించినా "సార్, గడ్డం ఎలా ఉంది అడగరేం" అని ఏడిపించేవాడు.

ఇంకో సంగతి కూడా చెప్పేస్తాను. నువ్వు ఎనిమిదో తరగతిలో మా నాన్న రత్నాచల్ డ్రైవర్ అని క్లాసులో చెప్పావు. మీ టీచరు నన్ను స్కూల్ గేటు దగ్గర ఆపి, "ఈసారి వైజాగు వెళ్ళేటప్పుడు మీ బండిలోనే వస్తామండీ" అంది. నేను "తప్పకుండా అమ్మా" అనేసి వచ్చాను. నీతో అనలేదు. ఇప్పుడు పెద్దదానివయ్యావు, నీకే పిల్లాడున్నాడు కాబట్టి అంటున్నాను.

షంటర్ తర్వాత గూడ్స్, తర్వాత ప్యాసింజర్, ఆపైన మెయిల్, మా లైన్లో మెట్లు ఇవి. నాకు గూడ్స్ ప్రమోషన్ వస్తే వద్దని రాసిచ్చాను. నీ చదువు కోసం, పిల్ల దగ్గర ఉండాలని ఆయన త్యాగం చేశాడని మీ అమ్మ సత్యనారాయణపురం క్వార్టర్స్ అంతా చెప్పుకుంది, పెళ్ళిలో అల్లుడిగారి వాళ్ళకి కూడా చెప్పింది, నేను నోరెత్తలేదు. అందులో నాలుగో వంతు నిజం ఉండొచ్చు. అసలు సంగతేంటంటే నాకు ఆ యార్డంటే ఇష్టం అమ్ములూ. ఎక్కడ ఏ పాయింటు, అంటే లైను మార్చే పట్టా, బిగుసుకుంటుందో, వానాకాలంలో ఏ లైన్లో చక్రం జారుతుందో, ఏ పెట్టె ఎంత బరువో తగిలినప్పటి దెబ్బని బట్టి తెలిసేది. తెల్లారుజామున మూడు రేకులూ మూడు ప్లాట్‌ఫారాల మీద పెట్టేసి, ఇంజిన్ పక్కకి తీసి, తారాపేట వైపు నుంచి వచ్చే ఇడ్లీ బండి దగ్గర నిలబడి ప్లేటు చేతిలో పట్టుకుంటే, పినాకిని డ్రైవరు హారన్ కొట్టి బయల్దేరేవాడు. చేతులు కడుక్కున్నా డీజిల్ వాసన పోదు, ఆ వాసనతోనే చట్నీ. అదంతా వదిలేసి ఊరు కాని ఊళ్ళో డ్రైవర్లు ఆగే రన్నింగ్ రూములో పడుకోవడం నాకు పట్టదు. నీ కోసం మానేశాననుకుని నువ్వు ఇన్నేళ్ళూ ఏమన్నా బరువు మోస్తున్నావేమో, దింపెయ్యి. అమ్మకి మాత్రం చెప్పకు, ఆవిడ కథ పాడవుతుంది.

ఇప్పుడు ఒక పని చేసిపెట్టు. ఆ 104 ఖాళీగా ఆన్‌లో నిలబడి ఉన్నప్పుడు ఒక నిమిషం సౌండ్ రికార్డ్ చేసి పంపు. దానిది టూ స్ట్రోక్ ఇంజిన్, గొంతు వేరే. మా ఆల్కో అయితే ఖాళీగా ఉన్నప్పుడు ముసలాయన మెట్లెక్కుతున్నట్టు తడబడి తడబడి కొట్టుకుంటుంది, అది నా చెవిలో ఇంకా ఉంది. రెండూ పక్కపక్కన వినాలని ఉంది. కంచె బయటే నిలబడు, దాటి లోపలికి పోకు, ఆ మూడో పట్టాలో 750 వోల్టులుంటాయి. బుడ్డోణ్ణి ఎత్తుకునే ఉండు.

ఉసిరికాయ పచ్చడి కట్టాం, సోమవారం కొరియర్‌లో వేస్తాను.

నాన్న