బ్రేక్ ఆయిల్ సీలు డబ్బా నా ముందే తెరవండి

సంపాదకులకు,

ఘాట్ రోడ్డు మీద ప్రమాదం జరిగితే మర్నాడు మీ పేపర్లో ‘బ్రేకులు ఫెయిలవడంతో అదుపుతప్పి’ అని వస్తుంది. వార్త అక్కడితో సరి. ఎందుకు ఫెయిలయ్యాయో ఎవరూ రాయరు. పోయిన కార్తీకంలో నా బండి కూడా అలాంటి వార్త కావలసిందే, కొద్దిలో తప్పింది.

నాది కృష్ణలంక. పసుపు బోర్డు కారు, సొంత బండి, నేనే డ్రైవర్ని. ఒక కుటుంబాన్ని శ్రీశైలం దర్శనానికి తీసుకెళ్లి, భోజనాలయ్యాక దోర్నాల వైపు దిగుతున్నాం. ‘ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగు’ అని నాకు స్టీరింగ్ నేర్పినాయన వందసార్లు చెప్పాడు. ఆ రోజు నేను పై గేర్లోనే వదిలేసి బ్రేకు మీద కాలు పెట్టుకుని దిగాను. తప్పు నాదే, దాచను. తుమ్మలబైలు దాటాక పెడల్ మెత్తబడింది. మరో రెండు మలుపులకి కాలు ఏకంగా కిందకి దిగిపోయింది. గబగబా నాలుగైదుసార్లు తొక్కితే కాస్త పట్టింది. గేర్లు తగ్గించి, హ్యాండ్ బ్రేకు కొంచెం కొంచెంగా లాగుతూ కొండవైపు ఆపాను. వెనక సీట్లో పెద్దావిడ ‘కోతుల్ని చూపిద్దామని ఆపావా నాయనా?’ అంది. అవునమ్మా అన్నాను.

ముప్పావుగంట ఆగి తొక్కి చూస్తే పెడల్ మళ్లీ మామూలుగా గట్టిగా ఉంది. నాకు అసలు భయం అప్పుడేసింది. పాడైంది దానంతటదే ఎలా బాగవుతుంది?

ఆటోనగర్లో ఒక పాత మెకానిక్ విషయం విప్పి చెప్పాడు. పెడల్ గట్టిగానే ఉండి బండి ఆగకపోతే, చక్రాన్ని నొక్కి ఆపే బ్రేక్ ప్యాడ్లు వేడెక్కి పట్టు వదిలాయని అర్థమట. పెడల్ కిందకి దిగిపోయి, చల్లారాక తిరిగొస్తే లోపల ఆయిల్ మరిగిందట. మనం బ్రేక్ ఆయిల్ అంటాం గానీ అది నూనె కాదు, గాలిలో తేమని పీల్చుకునే రసాయనం. దాని గ్రేడుని డాట్ నంబరుతో చెప్తారు. డాట్ 3 రకం కొత్తది కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు. అందులో 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4 అయితే 230 నుంచి 155కి. ఘాట్ దిగేటప్పుడు చక్రం దగ్గర ఆ మాత్రం వేడి పుట్టడం ఎంతసేపు? మరిగితే ఆవిరి బుడగలొస్తాయి. మన కాలి బలమంతా ఆ బుడగల్ని నొక్కడానికే పోతుంది, చక్రం దాకా చేరదు.

మరి నీరు ఎక్కడిది? నా బండిలో ఆయిల్ ఐదేళ్లది. సాధారణంగా రెండేళ్లకోసారి మొత్తం మార్చాలని నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. దానికి తోడు వానాకాలంలో ఒక షాపులో ‘ఆయిల్ తగ్గింది’ అంటే పోయించాను. అల్మారాలో మూత బదులు గుడ్డ కుక్కిన పెద్ద డబ్బా తీసి పోశాడు. నేను పక్కనే నిలబడి టీ తాగుతున్నాను. ఇంకో సంగతి: ఆయిల్ ఊరికే తగ్గదు. ప్యాడ్లయినా అరిగి ఉండాలి, ఎక్కడో కారుతూ అయినా ఉండాలి. అది చూడకుండా పోసి పంపడం అంటే జ్వరం ఎందుకొచ్చిందో చూడకుండా మాత్ర వేయడమే.

ఈసారి దగ్గరుండి మార్పించాను. వెనక ఎడమ చక్రం నుంచి మొదలుపెట్టి నాలుగు చక్రాలకీ ఎయిర్ తీస్తుంటే, అంటే గొట్టాల్లోని గాలినీ పాత ఆయిల్‌నీ బయటికి పంపుతుంటే, ఆయిల్ టీ డికాక్షన్ రంగులో వచ్చింది. కొత్తది దాదాపు లీటరు పట్టింది. ఏ రకం వాడాలో బ్రేక్ ఆయిల్ ట్యాంకు మూత మీదే రాసి ఉంటుంది. నా బండికి డాట్ 4. అది కొనబోతే కౌంటర్లో కుర్రాడు ‘డాట్ 5 తీసుకోండి గురువుగారూ, నంబర్ పెద్దది’ అన్నాడు. డాట్ 5 సిలికాన్ రకం, మన బండ్లలో ఉండేదానితో కలపకూడదు. డాట్ 5.1 వేరు, అది కలుస్తుంది. మధ్యలో చుక్క ఒకటే తేడా, మనుషుల ప్రాణాలు మాత్రం ఆ చుక్క మీద ఉన్నాయి.

బ్రేకు సిలిండర్లలో ఉండే రబ్బరు వాషర్ల దగ్గరా ఇదే నిర్లక్ష్యం. సిలిండర్లు విప్పి పెట్రోల్లో కడిగేస్తారు. ఆ రబ్బరుకి పెట్రోలు, డీజిలు, ఇంజనాయిలు ఏది తగిలినా ఉబ్బిపోతుంది. వారం బాగానే ఉండి తర్వాత బ్రేకు పట్టేస్తుంది. ప్యాడ్ల విషయంలో నాకు పెద్ద పట్టింపు లేదు. షోరూంవే కానక్కర్లేదు, పేరున్నవి చాలు. ఒక్క చక్రానికి కాకుండా జత చక్రాలకీ ఒకేసారి మార్చాలి, అంతే. కాకపోతే పెట్టె చూసి డూప్లికేటో కాదో నాలాంటివాడు పోల్చలేడు. బిల్లు అడిగితే ‘టాక్స్ పడుద్దండీ’ అంటారు. పడనీయండి.

షాపుల వాళ్లకి నా మనవి ఒకటే. అర లీటరు సీలు డబ్బా కొంటాను, నా ముందే తెరవండి. మిగిలింది దాచి ఇంకొకరికి పోయకండి, ఆ డబ్బులు కూడా నేనే ఇస్తాను. ఎఫ్‌సీ (బండి ఫిట్‌నెస్ సర్టిఫికెట్) చేసే అధికారులు బ్రేకు ఆగుతోందా అని చూడటంతో పాటు ఆయిల్ ఎప్పుడు మార్చావని కూడా అడిగితే బాగుంటుంది. మీ విలేకరులు కూడా ‘బ్రేకులు ఫెయిల్’ అని రాసే ముందు ఆ ప్రశ్న ఓసారి అడగాలి.

– ఒక కారు డ్రైవరు, కృష్ణలంక, విజయవాడ