కొబ్బరిచెట్టుని బట్టి కొన్న బాక్సు

కవిటి
20 జూన్ 2019

బుజ్జీ,

నువ్వు పంపిన డబ్బుల్తో టీవీ ప్రోగ్రాములు రికార్డు చేసే బాక్సు కొనేసాను, ఫోన్లో చెప్తే మీ అమ్మ పక్కనే ఉంటాది అందుకని రాస్తున్నాను, ఎందుకో చివర్లో తెలుస్తాది.

మీ ఇంట్లో పాత బాక్సు ఊరికే పడుంది, ఒకేసారి అయిదు ప్రోగ్రాములు రికార్డు చేస్తాది, వచ్చేటప్పుడు తెచ్చేయనా అన్నావు కదా. వద్దు తల్లీ. మీ అమెరికాలో డిష్ టీవీ ఇచ్చే డైరెక్‌టీవీ వాళ్ళ ఉపగ్రహం 101 డిగ్రీల పడమర రేఖాంశం మీద ఉంటాది, అంటే మన పెరట్లో నిలబడితే దాదాపు మన కాళ్ళ కింద, భూమికి అవతల పక్క. నుయ్యి తవ్వి అందులో డిష్ పెట్టినా సిగ్నల్ రాదు. (ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పినోడిని, నవ్వకు.)

ఇక్కడ ఏ కంపెనీది కొనాలన్నది నేను తేల్చలేదు, కొబ్బరిచెట్టు తేల్చింది. తిత్లీ తుఫానుకి మన పెరట్లో చెట్లన్నీ పోయి ఆగ్నేయం మూల ఒక్కటే మిగిలింది కదా, దాని మీద చెయ్యి వేస్తే మీ అమ్మ ఊరుకోదు. ఎయిర్‌టెల్ వాళ్ళ ఉపగ్రహం 108 డిగ్రీల తూర్పున, అంటే మనకి ఇంచుమించు ఆగ్నేయం, డిష్‌కి ఎదురుగా ఆ చెట్టు మట్టలే. టాటా స్కై వాళ్ళది 83 డిగ్రీలు, మన శ్రీకాకుళం జిల్లా కూడా ఇంచుమించు ఆ రేఖాంశం మీదే ఉంది కాబట్టి నేరుగా దక్షిణం, బాగా ఎత్తులో. అటు మనకి ఆకాశం తప్ప ఏటీ లేదు. అంతే, అదే తీసుకున్నాను.

షాపులో కుర్రాడు ముందు తక్కువ రేటుది ఒకటి చూపించాడు, పెన్‌డ్రైవ్ పెడితే రికార్డు అయిపోతాది మాస్టారూ అని. ట్యూనర్లెన్ని అని అడిగితే తెల్లమొహం వేసాడు. ట్యూనరంటే ఛానెల్‌ని పట్టుకునేది. ట్యూనరు ఒకటే ఉంటే రికార్డు అవుతున్న ఛానెలే చూస్తూ కూర్చోవాలి, వేరేది చూడ్డానికి లేదు, మరింకెందుకు? పైగా ఆ పెన్‌డ్రైవ్‌లో ఎక్కింది వేరే బాక్సులో పెడితే ఆడదు, తాళం వేసి దాస్తారు. అందుకని రెండు ట్యూనర్లు, లోపలే 500 జీబీ హార్డ్ డిస్క్ ఉన్నది తీసుకున్నాను. హెచ్‌డీ అయితే గంటకి మూడు నాలుగు జీబీ తింటాది, అంటే ఎంత తక్కువ లెక్కేసినా 125 గంటలు, మీ అమ్మ సీరియల్ అరగంట, మిగతాది నువ్వే చేసుకో.

బిగించడానికి వచ్చినోడు డిష్ నుంచి ఒక్క వైరే లాగి వెళ్ళిపోబోయాడు. రెండు ట్యూనర్లకి రెండు వైర్లు రావాలి కదా బాబూ అంటే వైరు అయిపోయిందండి రేపొస్తానన్నాడు, ఆ రేపు నాలుగో రోజుకి వచ్చింది. ఇంకో చిత్రం, టీవీకి పసుపు ఎరుపు తెలుపు పిన్నుల వైరు గుచ్చేసి హెచ్‌డీ వస్తుంది చూడండన్నాడు. అందులోంచి హెచ్‌డీ ఎలగొస్తాది? అట్టపెట్టెలోనే హెచ్‌డీఎంఐ వైరు ఉంటే నేనే తీసి పెట్టాను. మామూలు బొమ్మ కంటే హెచ్‌డీలో చుక్కలు అయిదు రెట్లు ఎక్కువ, అప్పుడు గాని తెలియలేదు తేడా, యాంకరమ్మ చీర అంచు మీద జరీ కూడా లెక్కెట్టొచ్చు.

ఖర్చు కూడా రాసేస్తాను. ఈ ఏడాది ఫిబ్రవరి 1 నుంచి ట్రాయ్ వాళ్ళు, అంటే టీవీ కంపెనీలకి రూల్స్ పెట్టే సర్కారు సంస్థ, కొత్త పద్ధతి పెట్టారు, వంద ఛానెళ్ళకి 130 రూపాయలు పైన జీఎస్టీ, పే ఛానెళ్ళకి మళ్ళీ విడిగా కట్టుకోవాలి, హెచ్‌డీ ఛానెల్ ఒక్కటి రెండు కింద లెక్క. అందుకని హెచ్‌డీలో నాలుగే పెట్టించాను, మీ అమ్మకి రెండు, నాకు క్రికెట్ రెండు.

వానకి మాత్రం ఏ బాక్సైనా ఒకటే. పెద్ద వాన పడితే సిగ్నల్ పోతాది, రాని బొమ్మని అది రికార్డు చేయలేదు కదా. వరల్డ్ కప్‌లో 13న న్యూజిలాండ్‌తో మన మ్యాచ్ అక్కడ ఇంగ్లండ్‌లో నాటింగ్‌హామ్‌లో ఒక్క బంతి పడకుండా వానకి పోయింది, సాయంత్రం ఇక్కడా వాన, బాక్సులో ఏటీ లేదు, నష్టమూ లేదు. 16న పాకిస్తాన్ మీద రోహిత్ 140 కొట్టాడు, అది దాచి ఉంచాను, అల్లుడు గారొచ్చినప్పుడు చూద్దాం.

అసలు చిక్కు గోడ మీద స్విచ్చి. మీ అమ్మ పనవ్వగానే అన్నీ ఆపేస్తాది, కరెంటు ఆపేస్తే రికార్డింగ్ ఎలగవుతాది, రిమోట్‌తో ఆపితే చాలు అని మూడు రోజులు చెప్పి ఆఖరికి స్విచ్చి మీద ప్లాస్టర్ అంటించాను. బాక్సు వైరు ఇన్వర్టర్‌కి కూడా కలిపించాను.

ఇంతకీ ఇదంతా దేనికంటే, మీకు పొద్దున్న 8 అంటే మాకు రాత్రి ఎనిమిదిన్నర. నువ్వు ఆఫీసుకి బయల్దేరే ముందు చేసే ఫోనూ మీ అమ్మ సీరియలూ ఒకే టైమ్. రెండేళ్ళుగా నీ ఫోన్ రాగానే టీవీ కట్టేసి గదిలోకి వెళ్ళిపోతాది, మర్నాడు ఎదురింటి వాళ్ళని అడిగి కథ తెలుసుకుంటాది. నీకు చెప్పనివ్వలేదు నన్ను, చెప్తే పిల్ల టైమ్ మార్చుకుంటాది, దానికి కుదిరేదే అప్పుడు అని. నువ్వూ మార్చకు, నేను రాసానని కూడా అనకు.

నిన్న నీ ఫోన్ మోగగానే తనే పాజ్ నొక్కింది, నేను నేర్పినట్టే. నలభై నిమిషాలు మాట్లాడారు మీరిద్దరూ. మధ్యలో వెనకాల టీవీలో ఎవరమ్మా అలా నోరు తెరిచి చూస్తున్నారు అని నువ్వు అడిగావు చూడు, ఆవిడ సీరియల్లో అత్తగారు. ఫోన్ పెట్టేసాక నోరు మూసింది.

నాన్న