నెల్లూరు జిల్లా కలెక్టర్ గారికి ఒక రొయ్యల రైతు బహిరంగ లేఖ

కలెక్టర్ గారికి నమస్కారం.

విడవలూరు మండలంలో రొయ్యల గుంటలు చేసుకుంటున్నాను. మొన్న మా అమ్మకు మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చి చలిజ్వరం పట్టుకుంది. ఏ యాంటీబయాటిక్‌కు క్రిమి లొంగుతుందో చూసే కల్చర్ పరీక్ష రిపోర్టు చూస్తే మందుల పేర్ల పక్కన వరసగా 'ఆర్' అక్షరమే. ఆ మందుకు బ్యాక్టీరియా లొంగదని అర్థమట. లొంగినవి మూడే, మూడూ సూదిమందులే.

ఒళ్లు వెచ్చబడినప్పుడల్లా షాపులో డాక్టరు చీటీ లేకుండా సెఫిక్సిమ్ అనే యాంటీబయాటిక్ మాత్రలు రెండు తెచ్చి వేసింది నేనే. ఆ బాధ నన్ను వదలడం లేదు. అరకొర మందుకు బలహీనమైన క్రిములు చస్తాయి, తట్టుకున్నవి మిగిలి పెరుగుతాయి, ఆ గుణాన్ని పక్క క్రిములకూ అంటిస్తాయి.

మందుల అమ్మకం నిబంధనల్లోని షెడ్యూల్ హెచ్1 ప్రకారం 2014 మార్చి నుంచి ఇలాంటి మందులు ఎవరు రాశారో, ఎవరికి ఎన్ని ఇచ్చారో షాపువాళ్లు విడిగా రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. దయచేసి ఆ రిజిస్టర్లు తెరిపించండి.

గుంటల్లోనూ ఇదే కథ. రొయ్యలకొచ్చే తెల్లమచ్చ అనేది వైరస్ తెగులు, యాంటీబయాటిక్‌కు పోదు. అయినా పంట పోతుందన్న భయంతో ఎవరేం చెబితే అది మేతలో కలుపుతాం. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు అనే యాంటీబయాటిక్‌లు రొయ్యల సాగులో నిషేధమని గుంటగట్టుకే వచ్చి చెప్పే మనిషి కావాలి. రొయ్య పడిపోయిన రోజే పరీక్ష చేసే ల్యాబ్ మాకు దగ్గర్లో కావాలి.

ఇట్లు,
విడవలూరు మండల రైతు