క్యూసెక్కులు నిల్వ ఉండవు

సంపాదకుల వారికి,

అయ్యా,

మొన్న మీ జిల్లా పేజీ చూసి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఒక రిజర్వాయరులో ‘లక్షా 20 వేల క్యూసెక్కుల నీరు నిల్వ ఉంది’ అని వేశారు. పక్కనే ఇంకో వార్తలో ‘సెకనుకు 40 వేల క్యూసెక్కులు దిగువకు వదులుతున్నారు’ అని ఉంది. రెండూ తప్పే. క్యూసెక్కు అంటేనే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు. సుమారు 28 లీటర్లు, మన బిందెలతో రెండు. అది పారే నీటి కొలత. నిలబడ్డ నీటికి టీఎంసీ ఉంది. టీఎంసీ అంటే నూరు కోట్ల ఘనపుటడుగులు, దాదాపు 23 వేల ఎకరాల మీద అడుగు లోతున నిలబెట్టేంత నీరు. నిల్వను క్యూసెక్కుల్లో చెప్పడమంటే మా ఊరి నుంచి బందరు గంటకు 40 కిలోమీటర్ల దూరం అన్నట్టు.

ముప్పై ఏళ్లు హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్పాను. ప్రమాణం రాయని జవాబుకు అర మార్కు కోసేవాణ్ని. ‘అంకె కరెక్టే కదా సార్’ అని పిల్లలు గొడవ పెట్టుకునేవాళ్లు. ఘనపరిమాణం అంటే పొడవు, వెడల్పు, లోతు హెచ్చవేయడం, అంతే. ప్రవాహానికి వచ్చేసరికి దాన్ని కాలంతో భాగించాలి. ఆ ఒక్క భాగహారమే మీ వార్తలో ఒకచోట అనవసరంగా వచ్చింది, ఇంకోచోట రెండుసార్లు వచ్చింది.

మా నాన్న కాలువ మీద లస్కరు, అంటే నీళ్లు చూసుకునే చిరుద్యోగి. తెల్లవారకముందే లాంతరు పట్టుకుని వంతెన కింద గేజీ దగ్గరికి వెళ్లేవాడు. గేజీ మీద అంకెలకు నాచు పట్టి ఉంటే పుల్లతో గీకి, నీటిమట్టం చూసుకుని, ‘మూడు అడుగుల నాలుగు అంగుళాలు’ అని నోటుబుక్కులో రాసుకునేవాడు. ఆ అడుగులకు ఎన్ని క్యూసెక్కులో చెప్పే పట్టిక సెక్షన్ ఆఫీసులో ఉండేది. ఆయన చదివింది ఐదో తరగతి. అయినా లోతు వేరు, పారకం వేరు అని ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. కింద షట్టరు దించేస్తే గేజీ మీద నీళ్లు పెరుగుతాయి, పారేది మాత్రం తగ్గుతుంది. అది రోజూ చూసేవాడు కాబట్టి, పట్టికను ఎప్పుడు నమ్మకూడదో కూడా ఆయనకు తెలుసు.

ఇది మాస్టారి చాదస్తం అనుకోవచ్చు. 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. ఆ రోజు మా బావమరిది హైదరాబాద్ నుంచి ఫోన్ చేశాడు. ‘బావా, బ్యారేజీలో పదకొండు లక్షలు నిలబడి ఉందట, ఆగుతుందా?’ అని ఒకటే టెన్షన్. నిలబడి ఉన్నది కాదురా, గేట్లు ఎత్తితే కిందికి పోతున్నది అని చెప్పడానికి నాకు పది నిమిషాలు పట్టింది. ఆ బ్యారేజీ పూర్తి నిల్వే 3.07 టీఎంసీలు. గేట్లు మూసి ఉంచితే, ఆ వరదకు ఖాళీ బ్యారేజీ ముప్పావుగంటలో నిండిపోతుంది. భయపడాల్సిన విషయం అదీ. దాన్ని ఎవరూ అలా చెప్పలేదు.

అడుగులతో ఇంకో తంటా. శ్రీశైలం 885 అడుగులు, సాగర్ 590 అడుగులు అని రోజూ చదువుతాం. అవి సముద్రమట్టం నుంచి లెక్కించిన ఎత్తులు, జలాశయం లోతు కాదు. భద్రాచలంలో 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. ఆ అడుగులు అక్కడి గేజీవి. మాట ఒకటే, సున్నా పెట్టుకున్న చోటు వేరు. ‘శ్రీశైలంలో 885 అడుగుల లోతు నీళ్లు’ అని టీకొట్టు దగ్గర ఒక పెద్దమనిషి అంటుంటే నేనేమీ అనలేదు. ఆయన చేతిలో ఉన్నది మీ పేపరే.

కరెంటు వార్తల్లోనూ ఇదే తీరు. మెగావాట్లు ఆ క్షణానికి ఉన్న డిమాండు, యూనిట్లు వాడకం. మా వీధిలో ఒకాయన ఇంటి మీద 3 కిలోవాట్ల సోలార్ పెట్టించుకుని, 24 గంటలతో హెచ్చవేసి రోజుకు 72 యూనిట్లు వస్తాయనుకున్నాడు. మంచి ఎండ ఉన్న రోజున వచ్చేవి 12, 13. అమ్మినవాడు ఆ తేడా చెప్పలేదు, ఈయన అడగలేదు.

నేను అడిగేది పెద్ద పనేం కాదు. నిల్వ ఉంటే టీఎంసీల్లోనే వేయండి. క్యూసెక్కుల ముందు ‘సెకనుకు’ తీసేయండి. వరద రోజుల్లో మాత్రం క్యూసెక్కుల పక్కనే ఆ లెక్కన రోజుకు ఎన్ని టీఎంసీలో కూడా ఇవ్వండి. 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ. ఆ ఒక్క అంకెను మీ డెస్కులో గోడకు అంటించుకుంటే సబ్ ఎడిటర్లకు ఎవరికీ ఫోన్ చేసే పని ఉండదు. వచ్చే వర్షాకాలానికి ముందే చేస్తే మా బావమరిది ఫోన్లు నాకు తగ్గుతాయి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఫిజికల్ సైన్స్ మాస్టారు,
కృష్ణా జిల్లా