ఉపకులపతి గారికి బహిరంగ లేఖ: మాకు గైడ్‌లను కేటాయించండి

గౌరవనీయులైన ఉపకులపతి గారికి,

ఉద్యోగం చేస్తూ విద్యా నాయకత్వంలో, అంటే విద్యాసంస్థల్ని నడిపే తీరు మీద, డాక్టరేట్ చేస్తున్నవారి తరఫున రాస్తున్నాను. విభాగానికి, డీన్ గారికి, మీ కార్యాలయానికి వినతిపత్రాలు ఇచ్చాం. జవాబు రాలేదు. అందుకే విషయం నలుగురి ముందూ పెడుతున్నాను.

మా పరిశోధనను పర్యవేక్షించే గైడ్ రిటైరయ్యాక ఆ స్థానంలో ఎవరినీ నియమించలేదు. ఫీజు నోటీసులు మాత్రం ఠంచనుగా వస్తున్నాయి. మాలో పగలంతా అడ్మిషన్ల కౌంటర్‌లో కూర్చుని, రాత్రి పిల్లలు పడుకున్నాక ఇంటర్వ్యూలు టైపు చేసుకునేవాళ్లున్నారు. మొదటి ఏడాదిలోనే చదువు మానేసే విద్యార్థుల మీద ఒకామె చేస్తున్న పరిశోధన, పరిశోధనలో పాల్గొనేవారికి హాని జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీ ఫారం మీద గైడ్ సంతకం లేక ఆగిపోయింది. ఆమె మాట్లాడాల్సిన విద్యార్థులు ఈలోగా చెల్లాచెదురవుతున్నారు. ఆ టెన్షన్ పడలేక కోర్సే వదిలేద్దామనుకుంటోంది.

విద్యారంగ డాక్టరేట్‌ను మెరుగుపరచడానికి విశ్వవిద్యాలయాలు కలిసి 2007లో అమెరికాలో మొదలుపెట్టిన కార్నెగీ ప్రాజెక్ట్ ఆన్ ది ఎడ్యుకేషన్ డాక్టరేట్, పనిచేసే చోట ఎదురయ్యే సమస్యనే పరిశోధనకు కేంద్రం చేసింది. అలాంటి పరిశోధనకు ఉన్నత విద్య పాలన తెలిసిన గైడ్ కావాలి. ఖాళీగా ఉన్న మరొకరికి అప్పగిస్తే సరిపోదు.

30 రోజుల్లో ప్రతి ఒక్కరికీ అర్హత ఉన్న గైడ్‌ను రాతపూర్వకంగా కేటాయించండి. గైడ్ లేని కాలాన్ని కోర్సు గడువులో లెక్కించకండి, అప్పటి ఫీజు సర్దుబాటు చేయండి. మీ జవాబు కూడా బహిరంగంగానే ఇవ్వాలని కోరుతున్నాం.

ఇట్లు,
ఒక పరిశోధక విద్యార్థి