గోపాలపూర్ ఒడ్డున హెచ్చరికలు తెలుగులోనూ ఉండాలి

సంపాదకులకు నమస్కారాలు.

ఒడిశాలోని గంజాం జిల్లా బరంపురంలో మూడు తరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబం మాది. కార్తీకమాసంలో ఒక ఆదివారం ఇంటిల్లిపాదీ గోపాలపూర్ వెళ్లి, సముద్రస్నానం చేసి, కట్టుకెళ్లిన పులిహోర, దద్దోజనం సరుగుడు చెట్ల నీడన తిని, చీకటి పడకముందే తిరిగి రావడం మా నాన్నగారి కాలం నుంచీ అలవాటు. బరంపురానికి సుమారు 16 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ తీరానికి ఇచ్ఛాపురం, కంచిలి, సోంపేటల నుంచి కూడా కుటుంబాలు ఆటోల్లో, వ్యాన్లలో తరలివస్తాయి. ఆ ఒడ్డున ఒడియా ఎంత వినిపిస్తుందో తెలుగూ అంతే వినిపిస్తుంది. కాని స్నానాలు చేసేచోట ప్రమాదం గురించి పెట్టిన బోర్డు మీద తెలుగు అక్షరం ఒక్కటి కూడా నాకు కనబడలేదు. ఈ లేఖ రాయడానికి కారణం అదే.

గత కార్తీకంలో మా తమ్ముడి మనవడు, పద్నాలుగేళ్ల పిల్లవాడు, జనం కిక్కిరిసిన చోట కెరటాలు మీద విరుచుకుపడుతున్నాయని, పక్కనే నీరు నిమ్మళంగా ఉన్నచోటు చూసుకుని దిగాడు. అక్కడైతే భయం లేదని పెద్దవాళ్లమూ అనుకున్నాం. కాసేపటికి వాడు దూరం నుంచి చెయ్యి ఊపుతుంటే ఆటకనుకుని మేమూ చేతులు ఊపాం. ఆ తప్పు తలుచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు. వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన మాత్రం తల ఎత్తి చూసిన మరుక్షణం వల వదిలేసి పరుగెత్తారు. "ఒడ్డుకేసి ఈదకు బాబూ, అడ్డంగా ఈదు, అడ్డంగా!" అని అరిచారు. వాడికి అర్థమైంది, అలాగే చేశాడు. ఈలోగా ఆయన కొడుకు తాడు కట్టిన ట్యూబుతో వెళ్లి వాణ్ణి పట్టుకున్నాడు. ఆ కేక పిల్లవాడికి తెలియని భాషలో వినిపించి ఉంటే ఏమయ్యేదో నేను ఊహించలేను.

తర్వాత ఆ పెద్దాయన మాకు ఒక మాట చెప్పారు: "కెరటం ఇరగని కాడే నీరు లోపలికి లాగేస్తాది." ఒడ్డుకు చేరిన కెరటాల నీరంతా తిరిగి సముద్రంలోకి పోవడానికి ఇసుక దిబ్బల మధ్య దారి చేసుకుంటుంది. ఆ దారిలో లోతు ఎక్కువ కనుక అక్కడ కెరటం విరగదు, చూసేవారికి నీరు నున్నగా, నిలకడగా కనిపిస్తుంది. తెలియనివారు దిగేది సరిగ్గా అక్కడే. ఎదురీదితే ఎంతటి ఈతగాడికైనా సత్తువ అయిపోతుంది. ఒడ్డుకు సమాంతరంగా కొంతదూరం ఈదితే ఆ లాగుడు నుంచి బయటపడవచ్చు. ఈ నాలుగు ముక్కలూ తెలుగులో, చదువు రానివారికి బొమ్మతో సహా, బోర్డు మీద ఉంటే చాలు.

సంబంధిత కార్యాలయంలో నేను అర్జీ ఇచ్చినప్పుడు, ఒడియా, ఇంగ్లిషు ఉన్నాయి కదా అన్నారు. ఒడియా మీద నాకు ఏ పేచీ లేదు. ఆ భాషలోనే చదువుకున్నాను, నా పిల్లలకూ నేర్పించాను. కాని సరిహద్దు అవతలి నుంచి ఒక్కపూట కోసం వచ్చే తల్లులకు, పిల్లలకు అది రాదు. పైగా ఆ నీటి దారులు ఒకేచోట ఉండవు. ఇసుక కదిలితే అవీ కదులుతాయి. అందువల్ల బోర్డుతోపాటు ప్రతి ఉదయం తీరాన్ని చూసి ఎర్రజెండాలు పాతే మనుషులు కావాలి. అందుకు ఇక్కడి జాలరులకంటే తగినవారు ఎవరున్నారు? ఒడియావారు నోళియాలని పిలిచే వీరిలో చాలామంది ఇళ్లలో మాట్లాడేది తెలుగే. 1936కు ముందు గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో, రంగూను వెళ్లే మనవాళ్లను కెరటాలు దాటించి ఓడకు చేర్చినవి మసూలా పడవలు. ఈ జాలరుల తాతముత్తాతల విద్య అది. ఆ విద్యకు పండుగ రోజుల్లో బతిమాలి ఇచ్చే బక్షీసు కాక, ఏడాది పొడవునా జీతం ఇవ్వాలి.

హెచ్చరిక విలువ ఒడిశా ప్రభుత్వానికి కొత్తగా చెప్పనక్కరలేదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను ఈ గోపాలపూర్ దగ్గరే తీరం దాటినప్పుడు, ముందుగా చెప్పి లక్షలమందిని సురక్షిత ప్రాంతాలకు తరలించడం వల్లనే 1999 నాటి పెనుతుపాను ఘోరం మళ్లీ జరగలేదు. అంతపని చేసిన యంత్రాంగానికి కొన్ని తెలుగు బోర్డులు బరువు కావు.

తమ పత్రికకు కూడా ఒక విన్నపం. రాబోయే కార్తీకంలో వనభోజనాల వార్తలు వేసే పేజీలోనే, కెరటం విరగని చోట దిగవద్దని, నీరు లాగితే అడ్డంగా ఈదాలని నాలుగు వరుసలు పెద్ద అక్షరాలతో ప్రతి శనివారం ప్రచురించండి. ఇచ్ఛాపురంలో ఆదివారం తెల్లవారుజామున బండి ఎక్కేవారి చేతికి ఆ పేజీ అందుతుంది.

ఇట్లు,
ఒక పాఠకుడు,
బరంపురం, గంజాం జిల్లా.