విరాళాల పేజీని దాటేస్తే యువజన నిధి నిలవదు

సంపాదకులకు నమస్కారం.

అమెరికాలో పన్ను రిటర్నుల కాలం రాగానే తెలుగు పత్రికల ఎన్నారై పేజీలు గడువు తేదీలతో, హెచ్‌1బీ వారికి వర్తించే మినహాయింపులతో, ఇండియా బ్యాంకు వడ్డీ చూపించే పద్ధతులతో నిండిపోతాయి. రాష్ట్ర రిటర్నులో ఉండే స్వచ్ఛంద విరాళాల భాగం గురించి మాత్రం ఎక్కడా ఒక ముక్క కనిపించదు. సాఫ్ట్‌వేర్‌లో అది చివర్లో వస్తుంది. అప్పటికే విసిగిపోయిన మనిషి ‘వద్దు’ నొక్కి ముందుకు పోతాడు. బడి పిల్లలకు చట్టసభ ఎలా నడుస్తుందో, కోర్టులో వాదన ఎలా సాగుతుందో చేతలతో నేర్పే కార్యక్రమాలకు ఈ భాగంలోంచి డబ్బు సమకూర్చే ప్రయత్నాలు జరిగాయి, నిలవలేదు. ఎందుకు నిలవలేదో, నిలవాలంటే ఏం చేయాలో కాలిఫోర్నియా పద్ధతిని తీసుకుని రాస్తున్నాం.

ముందు ఒక అపోహ తీరాలి. ఫెడరల్ ఫారం 1040 మొదటి పేజీలో అధ్యక్ష ఎన్నికల నిధికి 3 డాలర్లు వెళ్లాలా అని అడిగే గడి ఉంటుంది. అక్కడ టిక్కు పెట్టినా మీ పన్ను పెరగదు, రిఫండ్ తగ్గదు. ఆ 3 డాలర్లు ఖజానాలోంచి మళ్లుతాయి, అంతే. ఇటలీలో వెయ్యికి అయిదు వంతుల పద్ధతి, హంగరీలో 1996 చట్టంతో వచ్చిన ఒక శాతం పద్ధతి కూడా ఇదే తరహా. కట్టాల్సిన పన్నులోనే కొంత ఎటు వెళ్లాలో పన్నుదారు చెబుతాడు. అమెరికా రాష్ట్రాల విరాళం అలా కాదు. 1977లో కొలరాడో వన్యప్రాణుల కోసం మొదలుపెట్టి, తర్వాత చాలా రాష్ట్రాలు అందుకున్న ఈ పద్ధతిలో డబ్బు మీ జేబులోంచే పోతుంది. రిఫండ్ వచ్చేవారికి అంత తగ్గుతుంది, పన్ను కట్టేవారికి అంత పెరుగుతుంది. ‘ఎలాగూ ప్రభుత్వానికి పోయేదే కదా’ అనుకుని పెద్ద అంకె వేసి, తర్వాత రిఫండ్ చూసి కంగారు పడేవారు ఈ తేడా తెలియనివారే. ఇక టెక్సస్, ఫ్లోరిడా, వాషింగ్టన్ రాష్ట్రాల్లో జీతం మీద రాష్ట్ర ఆదాయపు పన్నే లేదు కాబట్టి అక్కడివారికి ఈ పేజీ ఎదురుపడదు.

కాలిఫోర్నియాలో ఫారం 540 నింపేవారికి, చిన్న రిటర్ను 540 2ఈజెడ్ వేసేవారికి, ఏడాది మధ్యలో వచ్చి 540ఎన్ఆర్ వేసేవారికి కూడా విరాళాల జాబితా ఉంటుంది. ఒక్కో నిధికి 400తో మొదలయ్యే మూడంకెల కోడ్. కోడ్ ఎదురుగా మొత్తం రాయాలి. కనీసం ఒక డాలరు, సెంట్లు పనికిరావు. ఫారం 540లో వీటన్నింటి కూడిక 110వ వరుసలో పడుతుంది. అక్కడి నుంచి అది రిఫండ్‌లో తగ్గుతుంది, లేదా కట్టాల్సిన మొత్తంలో కలుస్తుంది. భార్యాభర్తలు కలిపి రిటర్ను వేసినా ఎవరి విరాళం వారు ఇవ్వవచ్చు. జాబితాలో లేని సంస్థ పేరు పక్కన రాసి డబ్బు పంపడం కుదరదు.

చిక్కులు వచ్చే చోట్లు కొన్ని ఉన్నాయి. పన్ను ఇంకా 180 డాలర్లు కట్టాల్సి ఉండి, 20 డాలర్లు విరాళం రాశారనుకోండి. కట్టాల్సింది 200. పాత లెక్క తలలో ఉండి 180 మాత్రమే కడితే విరాళం రాయనట్టే లెక్క. చెల్లింపులు, క్రెడిట్లు (పన్నులో నేరుగా తగ్గే రాయితీలు) కలిపి పన్ను బాకీని మించకపోతే ఆ విరాళాన్ని పరిగణించకూడదని చట్టంలోనే ఉంది. రెండు మూడు నిధులకు రాసి, మిగిలిన డబ్బు చాలకపోతే దామాషాలో పంచుతారు. ఒకదానికి 10, ఇంకోదానికి 30 రాసి మిగులు 20 మాత్రమే తేలితే, 5, 15 చొప్పున వెళ్తాయి. క్రెడిట్ తప్పుగా వేసుకున్న రిటర్నును ఫ్రాంచైజ్ ట్యాక్స్ బోర్డు (కాలిఫోర్నియా ఆదాయపు పన్ను వసూలు చేసే శాఖ) సరిచేసినప్పుడు ఇలా జరుగుతుంది. రిటర్ను పంపాక ‘ఆ 25 తీసేయండి’ అనీ అనలేరు, ‘ఇంకో 10 కలపండి’ అనీ అనలేరు. మొదటి రిటర్నులో రాసిందే ఖాయం, సవరణ రిటర్నుతో మార్చే వీలు లేదు. కోడ్‌లు కూడా ఏటేటా మారుతుంటాయి కాబట్టి నిరుటి ఫారం పక్కన పెట్టుకుని చేత్తో రాసేవారు జాగ్రత్తగా ఉండాలి.

ఇదంతా పన్నుదారు వైపు సంగతి. నిధి వైపు అసలు ఇబ్బంది వేరే ఉంది, దాని గురించి పెద్దగా ఎవరూ మాట్లాడరు.

ఈ జాబితాలో ఒకప్పుడు వైఎంసీఏ యూత్ అండ్ గవర్నమెంట్ నిధి, కాలిఫోర్నియా యూత్ లీడర్‌షిప్ నిధి ఉండేవి. కొన్నేళ్లకే జాబితాలోంచి తప్పుకున్నాయి. యూత్ అండ్ గవర్నమెంట్ కార్యక్రమం 1936లో న్యూయార్క్‌లో మొదలైంది, కాలిఫోర్నియాలో 1948 నుంచి నడుస్తోంది. హైస్కూలు పిల్లలు బిల్లులు రాసి, రాష్ట్ర రాజధాని శాక్రమెంటోలో నమూనా చట్టసభ జరిపి, వాటి మీద వాదించుకుని ఓటేస్తారు. ఇంత చరిత్ర ఉన్న కార్యక్రమానికి దాతలు కరువా? కరువు కాదు. నిబంధన కఠినం. కొత్త నిధి రెండో ఏడాది నుంచి ఏటా కనీసం 2,50,000 డాలర్లు రాబట్టాలి. సెప్టెంబరు 1 నాటికి బోర్డు లెక్క చూసి, ఆ ఏడాది అంత రాదని తేలితే నిధి ఫారంలోంచి పోతుంది. అంత వచ్చినా, సాధారణంగా ఏడేళ్లకు చట్టం గడువు దానంతట అదే ముగుస్తుంది. మళ్లీ బిల్లు తెచ్చుకోవాలి.

2,50,000 అంటే ఎంతో కాగితం మీద వేసి చూడండి. మనిషికి 5 డాలర్లయితే 50,000 రిటర్నులు. 10 అయితే 25,000. ఒక బడి జట్టులో 40 కుటుంబాలు తలా 10 ఇస్తే 400 డాలర్లు. అలాంటి జట్లు 625 కావాలి. అంటే కార్యక్రమంలో ఉన్న పిల్లల తల్లిదండ్రులను మాత్రమే నమ్ముకున్న నిధి మొదటి రోజే ఓడిపోయినట్టు. జాబితాలో పోటీ కూడా తక్కువేమీ కాదు. క్యాన్సర్ పరిశోధన, ఆకలి తీర్చే ఆహార నిధి, అమరులైన అగ్నిమాపక సిబ్బంది స్మారకం, సముద్రపు నీటికుక్కల సంరక్షణ, అన్నీ అదే పేజీలో ఉంటాయి. నీటికుక్కను చూస్తే ఎవరికైనా ముద్దొస్తుంది. కమిటీలో బిల్లు సవరణ ప్రతిపాదించే పదహారేళ్ల పిల్లను చూసి ఎవరికి జాలి వేస్తుంది? పౌర శిక్షణ నిధికి జాలి పనిచేయదు. అడగడమే పనిచేస్తుంది.

అడగడానికీ ఒక కాలం ఉంది. విరాళాల్లో ఎక్కువ భాగం జనవరి చివరి నుంచి ఏప్రిల్ 15 లోపు వేసే రిటర్నులతోనే వస్తాయి. అక్టోబరు 15 వరకు పొడిగింపు వాడుకునేవారి మీద ఆశ పెట్టుకుంటే లాభం లేదు, సెప్టెంబరు 1 అంచనా అప్పటికే అయిపోతుంది. కాబట్టి కార్యకర్తల పని డిసెంబరులోనే మొదలవ్వాలి. ఆ ఏటి కోడ్, నిధి పూర్తి పేరు, ఫారం వరుస సంఖ్య, ఈ మూడూ ఒక్క చీటీలో పట్టాలి. అది ముందుగా చేరాల్సింది పన్ను రిటర్నులు తయారుచేసేవారికి. ఒక్కొక్కరు వందలమంది ముందు కూర్చుంటారు, వారు అడిగితేనే ఆ పేజీ తెరుచుకుంటుంది. ఆ తర్వాత కార్యక్రమంలో గతంలో పాల్గొని ఇప్పుడు ఉద్యోగాల్లో ఉన్నవారికి చేరాలి. తల్లిదండ్రుల వంతు ఆఖరున వచ్చినా ఫరవాలేదు. అడిగే తీరు కూడా ముఖ్యమే. ‘ఈ నిధుల్లో దేనికైనా ఇవ్వదలచారా’ అని మొత్తం జాబితా చూపించాలి. క్లయింటును అడగకుండా అయిదో పదో వేసేయడం, ఎంత మంచి పనికైనా, తప్పే. అది వెనక్కి తీసుకోలేని విరాళమని మరవకూడదు.

వచ్చిన డబ్బు చేతికి ఎప్పుడు అందుతుందో కూడా నిర్వాహకులు ముందే లెక్క వేసుకోవాలి. ఫ్రాంచైజ్ ట్యాక్స్ బోర్డు, రాష్ట్ర ఖజానా లెక్కలు చూసే కంట్రోలర్ తమ ఖర్చులు మినహాయించుకున్నాకే మిగతాది నిధికి చేరుతుంది. వసంతంలో రాసిన విరాళం ఆ వేసవి శిబిరానికి అందుతుందని బడ్జెట్ వేసేవారు ఇబ్బందుల్లో పడతారు. పైగా ఏడాదికి ఎంత వస్తుందో ముందే తెలియదు, ఎప్పుడు ఆగిపోతుందో కూడా తెలియదు. అందుకే ఈ డబ్బుతో జీతాలు పెట్టుకోకూడదని మా గట్టి అభిప్రాయం. శాక్రమెంటోకు బస్సు కిరాయి, పేద పిల్లల వసతి ఖర్చు, వాలంటీర్లకు లైవ్ స్కాన్ వేలిముద్రల రుసుము, తల్లిదండ్రుల భాషలో అనుమతి పత్రాలు, ఇలా ఈ ఏడాది చేసి వచ్చే ఏడాది మానినా ఎవరి బతుకూ తెల్లవారని వాటికే వాడాలి. అదీ చేతిలో ఉన్న నిరుటి సొమ్ముతోనే.

ఇంకో మాట దాచకుండా చెప్పాలి. వెయ్యి డాలర్లు ఇవ్వగలిగినవారు నేరుగా సంస్థకు చెక్కు రాయడమే మేలు. మధ్యలో ప్రభుత్వ ఖర్చులు పోవు, డబ్బు త్వరగా అందుతుంది. రిటర్ను పేజీ ఉన్నది అయిదు, పది డాలర్లు ఇచ్చేవారి కోసం. అంత చిన్న మొత్తాన్ని విడిగా చెక్కు రాసి, కవరు పెట్టి ఎవరూ పంపరు. అలాగే, ఈ నిధి ఉంది కదా అని బడుల పౌరశాస్త్ర బోధనకు రాష్ట్ర బడ్జెట్‌లో కోత పెట్టే వాదన ఎవరైనా తెస్తే, దాన్ని తిప్పికొట్టాల్సిందే.

పన్ను లాభం చూసుకుని ఇచ్చేవారు తక్కువే ఉంటారు, అయినా లెక్క ఇది. ఈ విరాళం తర్వాతి ఏడాది రిటర్నులో ధార్మిక విరాళంగా చూపించవచ్చు, కానీ 2025 పన్ను సంవత్సరం వరకు అది ఖర్చులు విడివిడిగా చూపేవారికే పనికొచ్చేది. 2025కు ఫెడరల్ స్టాండర్డ్ డిడక్షన్ (ఖర్చులు చూపకుండానే ఆదాయంలోంచి తగ్గే స్థిర మొత్తం) ఒంటరి వారికి 15,750, జంటకు 31,500 డాలర్లు. కాబట్టి ఎక్కువమందికి ఒరిగింది సున్నా. 2026 పన్ను సంవత్సరం నుంచి స్టాండర్డ్ డిడక్షన్ తీసుకునేవారికి కూడా అర్హమైన నగదు విరాళాలపై ఒంటరి వారికి 1,000, జంటకు 2,000 డాలర్ల వరకు ఫెడరల్ మినహాయింపు ఉంది. రిటర్ను ప్రతిని భద్రపరచుకోండి.

తెలుగువారిలో తరచూ వినిపించే సందేహం ఒకటుంది. ‘మాకు ఓటే లేదు, హెచ్‌1బీ మీద ఉన్నాం, ఇలాంటి వాటికి ఇవ్వవచ్చా?’ పౌరసత్వం గానీ గ్రీన్ కార్డు గానీ లేనివారు ఎన్నికల అభ్యర్థులకు, పార్టీలకు విరాళం ఇవ్వడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. రాష్ట్ర రిటర్నులోని నిధి ఎన్నికల విరాళం కాదు, పన్ను రిటర్ను వేసే ఎవరైనా ఇవ్వవచ్చు. పిల్లల విషయంలో మాత్రం తేడాలున్నాయి. ఓటు ముందస్తు నమోదు 16 ఏళ్లు నిండిన పౌరులకే. ఎన్నికల రోజు పోలింగ్ కేంద్రంలో పనిచేసే హైస్కూలు విద్యార్థికి 16 ఏళ్లు నిండాలి, 2.5 జీపీఏ (గ్రేడుల సగటు) ఉండాలి, పౌరసత్వం లేదా గ్రీన్ కార్డు ఉండాలి. నమూనా చట్టసభలో వాదించడానికి ఓటు హక్కుతో పని లేదు. హెచ్‌4 (హెచ్1బీ వారి కుటుంబ సభ్యుల వీసా) మీద ఉన్న పిల్లలకు ఈ దేశపు పాలన లోపలి నుంచి ఎలా ఉంటుందో చూసే దారుల్లో ఇది ముఖ్యమైనది.

మీకు మా విన్నపం ఒక్కటే. జనవరి మొదటి వారంలో ఆ ఏటి ఫారం ఖరారయ్యాక, తెలుగువారు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల విరాళాల జాబితాలను కోడ్‌లతో సహా చిన్న పట్టికగా అచ్చువేయండి. ఫలానా నిధికి ఇమ్మని మీరు చెప్పనక్కర్లేదు. యువజన నిధి జాబితాలో ఉన్న ఏడాది అది కూడా అందరి కంట పడితే చాలు. ఏప్రిల్ మొదటి వారంలో ఇంకోసారి వేస్తే, ఆఖరి నిమిషంలో రిటర్ను వేసేవారికీ అందుతుంది.

ఇట్లు,
పన్ను రిటర్నుల తయారీ వృత్తిలో ఉన్న పాఠకులు,
కాలిఫోర్నియా